ఇల్లు లేని తలుపు

ఐసు గోదాము వెనక గది,
సోమవారం.

నా చిట్టితల్లికి నాన్న రెండు చేతులూ నెత్తిన పెట్టి దీవించి రాసేది. ఇక్కడ నేనూ తలుపూ క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, మనవరాలూ క్షేమమని తలుస్తాను.

పడిపోయాయే అమ్మడూ! ఇళ్ళు పడిపోయాయి!

పొద్దున క్షవరానికి కూర్చుంటే సెలూన్ ఆయన పేపరు చూసి, నా వినపడే చెవిలో అరిచాడు: "తాతా! సముద్రం ఒడ్డున ఇళ్ళన్నీ పడిపోతున్నాయట!" సగం గడ్డంతో లేచి పరిగెత్తాను. పరిగెత్తనా మరి? ఆ ఒడ్డు మేడల్లో రెండొందల గుమ్మాలు ఈ చేతులు నిలబెట్టినవే. వీధి చివరికి పోయి చూస్తే అన్నీ నిక్షేపంలా నిలబడి ఉన్నాయి. వెనకాలే ఆయన కత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "పడింది ఇళ్ళు కాదయ్యా బాబూ, ధరలు!" అన్నాడు. నడివీధిలో కత్తితో ఒకడూ సబ్బునురగతో ఒకడూ కావలించుకుంటే జనం ఏమనుకున్నారో వాళ్ళ ఇష్టం.

ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టనిది ఇళ్ళ ధర ఒక్కటేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. దానికీ పట్టిందమ్మా! ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. నేను ఊరందరికీ కట్టి చూశాను, ఉండి చూడలేదు. మన టేకు తలుపు నీకు గుర్తే కదా? మిగిలిన చెక్కలు కూడబెట్టి, నా చేతి మూరతో కొలిచి చేసింది. నాలుగున్నర మూరల ఎత్తు, రెండు మూరల మీద బెత్తెడు వెడల్పు. "ముందు తలుపొచ్చింది, ఇల్లు వెనకాలే వస్తుంది లెండి" అంది మీ అమ్మ. తలుపొచ్చి ముప్ఫై ఒక్క ఏళ్ళు. పదకొండు అద్దె గదుల్లో గోడకి చేరబడి నిలబడింది. మీ అమ్మ వెళ్ళిపోయింది, ఇల్లు మాత్రం ఇంకా దారిలోనే ఉంది. ఇప్పుడు వస్తుంది చూడు!

కానీ తొందరపడి కొనకండి. ఇంకా పడనివ్వండి. రెండేళ్ళ కిందట ధరలు నెత్తికెక్కినప్పుడు కొన్నవాళ్ళున్నారు చూశావా, అలాంటి వెర్రివాళ్ళు ఈ భూమ్మీద ఇంకెక్కడా లేరు. తలుచుకుంటే నవ్వాగడం లేదు. మన అల్లుడుగారు బుద్ధిమంతుడు. ఊరందరి ఏసీలూ బాగుచేస్తూ తన నెత్తి కూడా చల్లగా ఉంచుకున్నాడు.

ఆనందంతో, ఇంకా సగం గడ్డంతోనే,
నాన్న.

తా.క.: రెండేళ్ళుగా ఉత్తరాలు ఆస్పత్రి దుప్పట్ల గదికే రాయమంటావేమే? నువ్వు పనిచేసేది అక్కడ గానీ కాపురం చేసేది కాదుగా. ఇల్లు సర్దుకున్నాక పిలుస్తానన్నావు. ఏనుగుని సర్దుతున్నావా?

*

ఆస్పత్రి, దుప్పట్ల గది,
గురువారం.

నాన్నకి నమస్కారాలు. మేం ముగ్గురం ఉన్నాం.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. వెర్రివాళ్ళన్న చోటికి వచ్చేసరికి ఆయన కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నారు.

ధరలు పడితే నీకు సంతోషం. ఎవరి నెత్తిన పడ్డాయో వాళ్ళకి కాదు నాన్నా. మా సంగతి ఏం రాయమంటావు? ఇల్లు మునిగింది. దాంతోపాటు మేమూ మునిగాం. ఎంత ఈదినా ఒడ్డు కనపడటం లేదు. నిండా మునిగినవాళ్ళకి చలేమిటిలే అనుకుని రోజులు నెట్టుకొస్తున్నాం. ఇంతకంటే రాయడానికి చెయ్యి రావడం లేదు. నువ్వు మాత్రం అందరి ముందూ నవ్వకు.

నీ కూతురు.

తా.క.: తలుపు ఎవరికీ అమ్మెయ్యకు. ఊరికే చెప్తున్నాను.

*

ఐసు గోదాము వెనక గది,
ఆదివారం.

నా బంగారుతల్లికి నాన్న కంగారుతో దీవించి రాసేది. ఇక్కడ నేనూ తలుపూ పొడిగా క్షేమం.

ఇల్లు మునిగేంత నీళ్ళొచ్చాయా! ఇక్కడ చుక్క వాన లేదే! సముద్రం పొంగిందా? సెలూన్ ఆయన చేత పేపరు నాలుగు పేజీలూ వెతికించాను, మీ ఊరి ముచ్చటే లేదు. పెద్దవాళ్ళ ఇళ్ళు మునిగితేనే రాస్తారు కాబోలు.

మంచాల కోళ్ళ కింద ఇటుకలు పెట్టండి. తడిసి ఉబ్బిన తలుపుని బలంతో లాగొద్దు, ఆరిందాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. కోపంతో ఉబ్బిన మొగుణ్ణి కూడా అంతే, ఇది మీ అమ్మ చెప్పిన మాట. చలి అని రాశావు, ఇంత ఉక్కలో చలేమిటి తల్లీ, జ్వరమా? నా గొంగళి పార్సెలు చేశాను. ముందు పిల్లకి కప్పు.

ఒక్క సంగతికి మాత్రం దేవుడికి దండం పెట్టుకోండి. అది అద్దె ఇల్లు. మునిగింది ఇంటివాడి సొమ్ము. తాళం వాడి మొహాన కొట్టి వచ్చెయ్యండి.

ఇక అసలు శుభవార్త. మీ నాన్నకి ముసలితనంలో కొత్త ఉద్యోగం వచ్చింది! మొన్న ఒక జంట ఒడ్డు మేడలో ఇల్లు చూడ్డానికి వచ్చారు. నేను ఊసుపోక వెనకాలే వెళ్ళాను. బ్రోకరు తలుపు నిమిరి, "ఘనమైన చెక్కండీ" అన్నాడు. నాకు సగమే వినపడింది గానీ ఆ నిమరడం చూశాక అర్థమైపోయింది. వేలి కణుపుతో మూడు దెబ్బలు కొట్టాను. డొబ్, డొబ్, డొబ్. లోపల అట్ట! పైన పటారం, లోన లొటారం. "బాబూ, ఇది తలుపు కాదు, పెళ్ళిపత్రిక" అన్నాను. బ్రోకరు మొహం మాడింది. ధర అక్కడికక్కడే వందకి ఎనిమిది దిగింది!

అప్పటినుంచీ కొనేవాళ్ళు నన్ను కార్లలో ఎక్కించుకుపోతున్నారు. పేరు కూడా పెట్టారు, 'దించే తాత' అని. నేను తడితే ధర దిగాల్సిందే. పైసా పుచ్చుకోను. ఒక టీ, రానుపోను కారు, అంతే. నేను దించిన ప్రతి ధరా నీకు ఒక మెట్టు. ఈ లెక్కన ఏడాది తిరిగేసరికి మీరు సొంత ఇంట్లో దిగుతారు.

మీ దించే నాన్న.

తా.క.: గొంగళి తడవనివ్వకు. తడిస్తే గొర్రె బతికున్నప్పటి వాసన వస్తుంది.

*

ఆస్పత్రి, దుప్పట్ల గది,
బుధవారం.

నాన్నా,

నీళ్ళు కాదు. వాన కాదు. గొంగళి అందింది, బయట మనిషి కరిగిపోయే ఎండ.

నీకు ఎలా చెప్పాలో తెలియక ఒకావిడ సంగతి చెప్తాను. ఇక్కడే నాతో పనిచేస్తుంది. ఆవిడా, భర్తా రెండేళ్ళ కిందట ఇల్లు కొన్నారు. అవును, నువ్వు చెప్పిన వెర్రివాళ్ళే. అద్దె ఏటేటా పెరుగుతుంటే ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పటికీ కొనలేమని భయపడి కొన్నారు. ఇప్పుడు ఆ ఇంటి విలువకంటే దాని మీద అప్పు ఎక్కువయ్యేలా ఉంది. మునగడమంటే ఇది నాన్నా. ఆయనకి పని సగమైంది, వాయిదాలు కట్టలేక అమ్మేస్తున్నారు. ఈ శనివారం ఎవరో చూడ్డానికి వస్తున్నారు. ఒప్పుకున్న ధరకి పోతే అప్పు తీరి, ఒక చిన్న ఇంటి అద్దెకి ముందు కట్టాల్సింది మిగులుతుంది. అందులో వందకి పదిహేను తగ్గితే ఒంటిమీద బట్టలతో బయటికి రావాలి. వాళ్ళకో పాప కూడా ఉంది.

అందుకని నీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ తట్టడం ఆపు. నువ్వు తట్టే ప్రతి తలుపు వెనకాలా ఎవరో ఉంటారు.

నీ కూతురు.

తా.క.: ఆవిడ తన తండ్రికి ఇంతవరకూ చెప్పలేదు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వుతాడని భయం.

*

ఐసు గోదాము వెనక గది,
ఆదివారం.

చిట్టితల్లికి నాన్న ఎగిరి గంతేసి, నడుం పట్టేసి, పడుకునే రాసేది. ఇక్కడ నేనూ తలుపూ క్షేమం, నా నడుం తప్ప.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం ఇంటికొచ్చాక చూశాను. నీ మనసు వెన్నే తల్లీ, అచ్చం మీ అమ్మ. ఆ స్నేహితురాలికి నా మాటగా చెప్పు: తండ్రి దగ్గర దాచకూడదు. నవ్వితే నవ్వుతాడు. కొరుక్కు తింటాడా?

ఇక నిన్నటి సంగతి విను. నా జీవితంలో ఇంతటి విజయం లేదు! ఒక బట్టలకొట్టు ఆసామి నన్ను కారులో ఎక్కించుకుని ఎక్కడికి తీసుకెళ్ళాడనుకున్నావు? మీ ఊరికే! వాళ్ళ కారు, వాళ్ళ తొందర, నీ దగ్గరికి రావడం కుదరలేదు. ఆస్పత్రి గోడ పక్కనుంచి పోతుంటే కిటికీలన్నిటికీ చెయ్యి ఊపాను. ఏదో ఒక దాంట్లో ఉంటావుగా.

మూడో అంతస్తు. మెట్లన్నీ పొడిగానే ఉన్నాయి. ఇంటివాళ్ళు లేరు, బ్రోకరు తాళం తీశాడు. గోడల మీద ఒక్క ఫోటో లేదు. అమ్మేటప్పుడు మనుషుల ఆనవాలు ఉండకూడదట. ముందు తలుపు తట్టాను, డొల్ల. రెండోది, డొల్ల. వంటగది గోడకి పెన్సిలు గీతలున్నాయి, ఎవరో పిల్ల ఎత్తు కొలిచినవి. "గోడ పాడైంది, రంగు ఖర్చు కొనేవాళ్ళదా?" అని అదీ కోయించాను.

అసలు వింత లోపలి గదిలో ఉంది. సముద్రం కనపడే చిన్న గది, మంచి గాలి. ఆ గదికి గుమ్మం ఉంది గానీ తలుపు లేదు! తెర కట్టారు. అందులోనూ ఆ గుమ్మం సైజు లోకంలో ఏ కొట్లోనూ దొరకదు. ఊరికే నా చేత్తో కొలిచాను. నాలుగున్నర మూరలు, రెండు మూరల మీద బెత్తెడు. అచ్చం మన తలుపే! పడీ పడీ నవ్వాను. "ఉన్న గోడ పగలగొట్టించి ఈ సైజు పెట్టించినవాడు ఎంత వెర్రివాడయి ఉండాలి! దీనికి సరిపోయే తలుపు ఈ తీరం మొత్తానికి ఒక్కటే ఉంది, అది నా గదిలో ఉంది" అన్నాను. బట్టలకొట్టాయన ఆ మాట పట్టుకున్నాడు. ఆ గుమ్మం దెబ్బకి మొత్తం ధర వందకి పదిహేను దిగింది! బ్రోకరు పక్కకెళ్ళి ఫోను చేశాడు. అవతలివాళ్ళు చాలాసేపు నవ్వారట. చివరికి సరేనన్నారట.

మీకూ అలాంటి ఇల్లే చూస్తాను. తలుపు రెడీ!

గెలిచిన నాన్న.

తా.క.: ఆ ఇంట్లో గొర్రె వాసన. జంతువుల్ని పెంచుతారేమోనని అదీ ధరలో కలిపాను.

*

ఆస్పత్రి, దుప్పట్ల గది,
బుధవారం.

నాన్నా,

అది గొంగళి.

ఆ పెన్సిలు గీతలు నీ మనవరాలివి. ఆ గది నీది. పోయినేడు నీ దగ్గరికి వచ్చినప్పుడు, నువ్వు టీకి వెళ్ళింది చూసి ఆయనా నేనూ తలుపుని దారంతో కొలిచాం. ఉన్న గోడ పగలగొట్టించి ఆ సైజు పెట్టించిన వెర్రివాడు నీ అల్లుడు. తలుపుకి ఇల్లు దొరికిందని చెప్పి, నిన్నూ దాన్నీ ఒకే లారీలో తీసుకురావాలనుకున్నాం. మొదట గుమ్మం పని పూర్తికాలేదు. పూర్తయ్యేసరికి ధరలు పడ్డాయి, నీకు నవ్వొచ్చింది.

బ్రోకరు ఫోనులో, "ఎవరో చెవిటి తాత వచ్చి తలుపు తట్టాడండీ, అంతే, మీ ఇల్లు అయిపోయింది" అన్నాడు. ఫోను పట్టుకునే మీ అల్లుడుగారు పకపకా నవ్వారు. ఆరు నెలల్లో నవ్వడం అదే మొదలు. ఎంతసేపటికీ ఆపకపోతే మొహం చూశాను. కళ్ళ వెంట నీళ్ళు.

నువ్వు దించిన ధరకే సంతకాలు పెట్టేశాం. మిగిలింది ఏమీ లేదు. ఇక్కడ అద్దెలు మాత్రం ఒక్కటీ దిగలేదు, వాటిని తట్టేవాళ్ళు లేరు కాబోలు. ఏడాది తిరిగేసరికి మేం దిగుతామన్నావుగా. అంతదాకా అక్కర్లేదు. శుక్రవారం ముగ్గురం నీ గదిలోనే దిగుతున్నాం. తలుపు కొంచెం పక్కకి జరుపు.

నీ కూతురు.

తా.క.: శనివారం మధ్యాహ్నం కిటికీలోంచి చూశాను. కారులోంచి ఎవరో ముసలాయన ఆస్పత్రి మొత్తానికి చెయ్యి ఊపుతూ పోయాడు. ఎవరి తండ్రో, పాపం, ఎంత సంతోషంగా ఉన్నాడో అనుకున్నాను.

*

ఐసు గోదాము వెనక గది,
గురువారం.

తల్లికి నాన్న రాసేది. ఇది పోస్టులో వెయ్యను, అందేలోపు మీరే వచ్చేస్తారు. వచ్చాక నీ చేతికే ఇస్తాను. నోటితో చెప్పాలంటే నోరు రావడం లేదు.

నా చేతి మూరని నేనే కొలిచి, నేనే నవ్వాను. అల్లుడుగారి మొహం ఎలా చూడాలో ఆలోచిస్తున్నాను. ఇవాళ ఒకాయన కారు తెచ్చాడు. కణుపు వాచింది, తట్టలేనని పంపేశాను. వాపు ఏమీ లేదు.

పొద్దుటినుంచీ పని చేశాను. తలుపుని ఎత్తి గదికి అడ్డంగా నిలబెట్టాను. పైనా కిందా చట్రం వేసి, పక్కల ఖాళీకి పాత చెక్కలు కొట్టి, బందులు బిగించాను. ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత గడియ పడిన చప్పుడు ఈ చెవికి కూడా వినపడింది! అవతల మీ ముగ్గురూ, ఇవతల నేను. మూడు దెబ్బలు తట్టి చూశాను. ఠంగుమంది. డొల్ల కాదు. మీ అమ్మ చెప్పినట్టే, ముందు తలుపొచ్చింది, వెనకాల మీరొస్తున్నారు. పిల్లకి చెప్పు, తలుపు చట్రం మీద ఎన్ని గీతలైనా గీసుకోవచ్చు, ఎవరూ ధర కొయ్యరు. నాకు సంతోషంగానే ఉందే. అలా ఉన్నందుకు సిగ్గుగానూ ఉంది.

మీ కోసం గడియ తీసి ఉంచి,
నాన్న.

తా.క.: తలుపు చప్పుడు విని ఇంటివాడు వచ్చి చూశాడు. చాలా మెచ్చుకున్నాడు. ఒక గది రెండు గదులయింది కాబట్టి వచ్చే నెల నుంచి రెండు గదుల అద్దె ఇమ్మన్నాడు.