కోనాం కూర తిన్న ఆఫీసరు

అమ్మా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. ఈరోజే ఆ ఆఫీసరు మళ్లీ మన వీధికొచ్చాడు. పేద ముసలివాళ్లకిచ్చే ఉచిత బియ్యం ఎవరికి రాయాలో చూడ్డానికట. వాణ్ణి చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది.

కిందటిసారి వాడొస్తే నువ్వేం చేశావు? గంజి కుండ మూలకి నెట్టేసి, హార్బర్‌కి పరిగెత్తి, బోటువాళ్లని బతిమాలి, డబ్బున్నోళ్లు తినే కోనాం చేప ముక్కలు తెచ్చి వండావు. "ఇంటికొచ్చినోడికి గంజెడతామేటే, సిగ్గుసేటు!" అన్నావు. వాడు ముల్లు కూడా వదలకుండా చీకాడు. చెయ్యి కడుక్కుంటూనే, "కోనాం తినేవాళ్లకి ఉచిత బియ్యమెందుకు?" అని నీ పేరు కొట్టేశాడు. అయినా నువ్వు, "మనింట్లో తిన్నాడు గదే, ఇశ్వాసముంటాదిలే" అంటూ వాడి కోసం ఎదురుచూశావు. ఆ గంజినీళ్లతోనే పోయావు.

ఈరోజు పక్కింటి పోలమ్మత్త కూడా వాడి కోసం చేపల కూర వండింది. నేను ఆ కూర దాకని మంచం కింద దాచేసి, గంజి కుండ తెచ్చి వాడి ముందు పెట్టాను.

"ఏటే, బాబుకి అన్నవెట్టవా?" అంది అత్త.

"నువ్వూరుకో అత్తా" అన్నాను.

వాడు కుండలోకి తొంగిచూసి, అత్త పేరు రాసుకుని, ఖాళీ కడుపుతో పోయాడు.

ఇంటికొచ్చినవాణ్ణి పస్తు పంపడం నువ్వు నాకు నేర్పలేదమ్మా. వాడే నేర్పాడు.