కెమెరా దిక్కు చూడనోడు

నవంబర్ 11, కేసముద్రం

నా మొదటి సినిమా. మార్కెట్ యార్డులో వడ్లు తూచే కాంటా మాయమవుతుంది. దొంగెవరో తెలియక అందరూ ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. కామెడీ మిస్టరీ. కెమెరా కదలదు, క్లోజప్ ఉండదు. యార్డంతా ఒకే ఫ్రేములో, దొంగ కూడా అందులోనే. చూసేవాళ్లే వెతుక్కోవాలి.

ప్రొడ్యూసర్ సుదర్శన్ అన్నకు అస్సలు నచ్చలేదు. గిదేమన్న సీసీ కెమెరానా వాసవీ, జర మొఖాలన్న కనవడాలె గద అన్నాడు.

నవంబర్ 12

ఛీ! హమాలీలు, ట్రాక్టర్ల వాళ్లు, అందరూ లెన్స్‌లోకే చూస్తున్నారు. చూడొద్దని మైకులో అరిచాను. ఇంకా ఎక్కువ చూశారు. వడ్లు ఊడ్చే గంగవ్వ అయితే, మమ్ముల సూసేటోళ్లను మేం సూడొద్దా బిడ్డా అని నన్నే నిలదీసింది. టేకులన్నీ పోయాయి. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

నవంబర్ 13, ఉదయం 5

నిన్న తీసిన రషెస్ మళ్లీ చూశాను. అందరూ కెమెరానే చూస్తున్నారు, ఒక్క శ్యాం తప్ప. దొంగ వేషం వాడిదే. నటుడు కదా, చూడకూడదని తెలుసు. తల వంచుకుని బస్తా కుట్టుకుంటున్నాడు. ఎంత అనుమానంగా ఉన్నాడో! కాంటా ఎత్తుకెళ్లినవాడు కెమెరా వైపు ఎలా చూస్తాడు?

ఓరి దేవుడా, నా స్టైల్ దొరికింది.

నవంబర్ 14

అందరూ కెమెరానే చూడండి, శ్యాం తప్ప అని మైకులో చెప్పాను. గంగవ్వ చీర మార్చుకుని వచ్చింది.

జనవరి 20

ఎడిటింగ్ అయింది. సుదర్శన్ అన్న తేల్చేశాడు. జనగామలో ఒక షో వేస్తాడట. జనం దొంగను పట్టుకోకపోతే వేరే డైరెక్టర్‌తో క్లోజప్‌లు తీయించి అతికిస్తాడట. అప్పుడది నా సినిమా ఎలా అవుతుంది? భయంగా ఉంది. కానీ సినిమా బాగుంది. బాగుంది, అంతే.

జనవరి 25, జనగామ

ఇంటర్వెల్ దాకా నవ్వులే నవ్వులు. దొంగ ఊసెత్తినవాళ్లు మాత్రం లేరు. సుదర్శన్ అన్న నా పక్కనే కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

సోడాలు తాగొచ్చి కూర్చున్నారో లేదో, దేవరుప్పుల నుంచి వచ్చిన ఒకామె లేచి నిలబడింది. అందరు మన దిక్కే సూస్తున్నరు, గా బస్త కుట్టేటోడేంది తలకాయ ఎత్తుతలేడు, కాంట గాడే ఎత్తుకపోయిండు అని కేకేసింది. హాలంతా గోల గోల. అవునవును, గాడే అని ఈలలు. అంతలో వెనక వరుసలో శ్యాంను ఎవరో గుర్తుపట్టారు. జనమంతా అటు తిరిగారు. పాపం, వాడు నిజంగానే తల వంచేసుకున్నాడు.

క్లైమాక్స్ ఒక్కరూ వినలేదు. వినకపోతే పోనీ!

జనవరి 26

పొద్దున్నే సుదర్శన్ అన్న ఫోన్. ఒక్క ముక్క గూడ ముట్టకు, గట్లనే రిలీజ్ జేద్దాం అన్నాడు. ఫోన్ పెట్టేసి మంచం మీదే గంతులేశాను.