సొరంగానికి మూత

మార్చి 2

నా పేరు సుత్తమ్మ అని రాసుకో. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది, దానితో ఎవరికీ పని పడలేదు. వయసు డెబ్బై దాటింది. చదువు రాదు. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు, వాళ్ల నాలుగేళ్ల పిల్ల. కొడుకు అన్న మాట దగ్గర కోడలు కలం ఆపింది. రాసుకో, వాణ్ణి లెక్కలోంచి ఇంకా ఎవరూ కొట్టేయలేదు అన్నాను. రాసింది.

లాయరు చెప్పాడు, రోజూ జరిగింది జరిగినట్టు ఎవరిచేతైనా రాయించు, విచారణలో తడబడకుండా ఉంటావు అని. నేను తడబడే మనిషిలా కనిపించానా అన్నాను. కాదు పెద్దమ్మా, దారి తప్పే మనిషిలా కనిపించావు, ఒకటి అడిగితే ఊరంతా తిప్పి తెస్తున్నావు అన్నాడు. సరే. నేను చెబుతాను, కోడలు రాస్తుంది.

నా కేసు ఇంతే. పోయిన నెల కంపెనీ కొండకి మందు పెట్టి పేల్చినప్పుడు నా కొడుకు లోపల ఉన్నాడు. కంపెనీ లేడంటోంది. వాణ్ణి తవ్వి తీసి నాకివ్వాలి.

మార్చి 3

రాయి సంగతి చెప్పకపోతే ఇదంతా ఎవరికీ తలకెక్కదు. మా కొండలో దొరికేదాన్ని మేం చీలురాయి అంటాం. నిలువుగా కొడితే కట్టెపుల్లల్లా చీలుతుంది, అడ్డంగా కొడితే నుగ్గు. చాలావరకు తెల్లగా, పాలిపోయిన గోరులా ఉంటుంది. ఎక్కడో ఒకచోట రాతి మధ్య గూడు తగులుతుంది. అందులో గాజులా తేటగా గులాబి రంగువి, ఎప్పుడో ఒకసారి లేతాకుపచ్చవి. నగలవాళ్లు గులాబిదాన్ని కుంజైట్ అంటారు, పచ్చదాన్ని హిడెనైట్ అంటారు. మా ఇళ్లన్నీ ఆ గూళ్ల మీదే బతికాయి. పెళ్లైన మర్నాటి నుంచీ నేను షెడ్డులో కూర్చుని సుత్తి పట్టినదాన్ని. పేరు అలా వచ్చిందే.

తర్వాత కంపెనీ వచ్చింది. ఇంజనీరు మీటింగు పెట్టి, గులాబి, పచ్చ, తెలుపు, అంతా ఒకటే స్పోడుమీన్, రంగుతో మాకు పనిలేదు, లోపలున్న లిథియం కావాలి, బ్యాటరీలకి, అన్నాడు. కొండ మొత్తం నలిపేస్తారట. సొరంగాల్లో కాలు పెడితే దొంగతనమట. నిన్నటిదాకా వంటింట్లోకి వెళ్లినట్టు వెళ్లినవాళ్లం.

నా కొడుకు వెళ్లడం మానలేదు.

మార్చి 5

క్యాంపు ఆఫీసుకి వెళ్లాం. మేనేజరు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. అంత మర్యాద చేశాడంటే ఇచ్చేది ఇంకేమీ లేదని అప్పుడే అర్థమైంది. మీవాడు పేలుడుకి ముందురోజే రాళ్లతో ఉడాయించాడు, లారీ డ్రైవరు చూశాడు అన్నాడు. ఏ డ్రైవరు అన్నాను. ఇప్పుడు ఇక్కడ లేడట. చెప్పులు ఇంట్లో వదిలేసి ఉడాయించాడా అన్నాను. సొరంగంలో నేల తడి, చెప్పు జారుతుంది, మావాళ్లు ఒట్టికాళ్లతోనే దిగుతారు. ఇంట్లో వాడి సుత్తి లేదు, దీపం లేదు, చెప్పులు ఉన్నాయి. దీనికింకేం చదువు కావాలి.

దారిలో కోడలు మెల్లగా అంది, ఏమో అత్తయ్యా, నిజంగానే చూశాడేమో, ఎక్కడో బతికే ఉన్నాడేమో అని. వాడు పారిపోయేవాడైతే నీ వంట తిన్న మొదటివారమే పారిపోయేవాడు అన్నాను. నవ్వలేదు. ఇప్పుడు రాస్తూ కూడా నవ్వలేదు.

మార్చి 6

పిల్లకి జ్వరం. ఇంకేమీ లేదు.

మార్చి 9, సాయంత్రం

లాయరు వచ్చాడు. విచారణ పద్దెనిమిదిన. అప్పటిదాకా ఆ కొండ వాలు మీద పేల్చకూడదని ఆర్డరు తెచ్చి ఆపించాడు. వాడు లోపలికి వెళ్లడం కళ్లారా చూసిన మనిషి ఒక్కరైనా రావాలి, లేకపోతే ఆ ఆర్డరు ఎత్తేస్తారు అన్నాడు. ఎత్తేస్తే ఏమవుతుంది అని అడిగాను. కళ్లజోడు తుడుచుకున్నాడు. నేనే చెప్పాను. మళ్లీ మందు పెడతారు. పొక్లెయిన్ ఎత్తుతుంది, లారీ మోస్తుంది, క్రషర్ నములుతుంది. రంగుతో పనిలేదన్నారుగా.

రేపు ఎవరో ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నవ్వుతూ మాట్లాడతారు. అందులో మావాడు కాస్త ఉంటాడు.

ఇది కొట్టేయనా అని కోడలు అడిగింది. వద్దన్నాను. కలం పడేసి బయటికి పోయింది. చాలాసేపటికి వచ్చి మొహం కడుక్కుని మళ్లీ కూర్చుంది.

మార్చి 12

లాయరు కంపెనీ గార్డుతో మాట్లాడాడట. ఆ పొద్దున తెరిచి ఉన్న ప్రతి సొరంగం దగ్గరా ఈల వేశాను, కేకేశాను, ఎవరూ పలకలేదు అని గార్డు చెప్పాడట. కొండదారి మూడో మలుపు దగ్గర ఒకటి మాత్రం రాళ్లతో బిగించి మూసి ఉంది, పాడుబడ్డది కదా అని అక్కడ ఆగలేదట. దాన్ని మనమూ వదిలేద్దాం, పనికిరాదు అన్నాడు లాయరు. నేను వెంటనే సరే అన్నాను. ఒంట్లో బాగాలేదా పెద్దమ్మా అని అడిగాడు.

మా పద్ధతి ఆయనకి తెలియదు. గులాబి గూడు తగిలితే మేం మూత పెడతాం. ఆ రాయికి ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. అందుకని మగవాడు దీపం పట్టుకుని లోపలికి దూరతాడు, ఇంటి ఆడది బయట రాళ్లు పేర్చి సొరంగం నోరు మూస్తుంది, గాలికి సందు వదిలి. పొద్దుగూకాక వచ్చి తీస్తుంది. కంపెనీ వచ్చాక ఇంకో లాభం కూడా, మూసి ఉంటే గార్డు తొంగిచూడడు. ఆ మూత లోపలివాడు తనంతట తాను పెట్టుకోలేడు.

మూత పెట్టే చేతులు మా ఇంట్లో నాలుగు. అందులో రెండు నావి.

ఈ మాట చెప్పాను. కోడలు రాసింది. తల ఎత్తలేదు.

మార్చి 13

పొద్దున బట్టలు పిండుతూ తనే చెప్పింది. ఆ తెల్లవారుజామున మూసిందట. పైట దులుపుకుని ఇంటికొచ్చి పిల్లకి జడ వేస్తుంటే సైరన్ మోగిందట. రోజూలాగే అవతలి కొసన పేలుస్తారనుకుందట. పరిగెత్తుకెళ్లి చెబితే వాణ్ణి దొంగ అని పట్టుకుంటారు, చూద్దాం, చూద్దాం అని ఆగిందట. రెండో సైరన్‌కి పరిగెత్తిందట. అది మోగాక పేల్చడమే, రెండో సైరన్‌కి పరిగెత్తి ఏం లాభం.

మరి లారీ డ్రైవరు మాట ఎందుకు పట్టుకు వేళ్లాడావే అని అడిగాను. నేను మూసిన మూత వెనక ఉన్నాడనుకోవడం కన్నా ఎవత్తెతోనో లేచిపోయాడనుకుంటే ముద్ద దిగుతోంది అత్తయ్యా అంది.

కొట్టాను. అదీ రాసుకోమన్నాను. రెండోసారి చెయ్యెత్తి దించేశాను. గుమ్మంలో పిల్ల ఉంది.

మార్చి 14

ఈ ముక్క తప్ప ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మార్చి 15

లాయరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఎవరైనా మూత నేనే పెట్టానని ఒప్పుకుంటే అని అడిగాను. ఆ రోజే తవ్వమని ఆర్డరిస్తారు అన్నాడు. ఒప్పుకున్న మనిషి మీద దొంగతనం కేసు పెడతారు, చావు కూడా ఆమె వల్లే అంటారు, కంపెనీ చేతులు దులిపేసుకుంటుంది అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. నేనే వెళ్లి చెబుతాను అంది కోడలు. నువ్వు వెళితే ఈ పిల్లని ఎవరు చూస్తారు, నేనా, పీట మీద కూర్చుంటే నన్ను లేపడానికి ఇద్దరు కావాలి అన్నాను. జైల్లో నాకు టైముకి తిండి పెడతారు, నీ వంట తప్పుతుంది. అబద్ధం కదా అత్తయ్యా అంది. వాడు లోపలున్నాడన్నది అబద్ధమా అన్నాను.

అంత కొండ నువ్వు ఎక్కావంటే ఎవరు నమ్ముతారు అంది. కూర్చుని కూర్చుని ఎక్కానంటాను. నమ్మనివాడు నన్ను ఎక్కించి చూసుకోనీ.

మార్చి 16

మూత ఎలా పెట్టిందో ఈ రోజంతా నేర్పింది. గడపకి అడ్డంగా ఇటుకలు పెట్టి చూపించింది. అడుగున వెడల్పాటి తెల్లరాయి, దాన్ని చేతులతో కాదు, కూర్చుని కాళ్లతో నెట్టాలి. దాని మీద రెండు, కుడివైపుది కాస్త కదులుతుంది, కింద చిన్న పెంకు దోపాలి. పైన ఎడమచేతివైపు అరచేయంత సందు. నేను తప్పు చెప్పినప్పుడల్లా ఇటుకలు తీసేసి మళ్లీ మొదటినుంచి పేర్చింది. పిల్ల ఆటనుకుని తనూ ఒక ఇటుక మోసుకొచ్చింది.

చివరి రాయి పెట్టేముందు వాడేమన్నాడు అని అడిగాను. ఆ సందులోంచి, సాయంత్రం ఆలస్యం చేయకు, ఆకలేస్తుంది అన్నాడట. ఇది విచారణలో అడగరు, నేర్చుకోనక్కర్లేదు అంది.

నేర్చుకున్నాను.

మార్చి 18

ఇది రాయనంది కోడలు. వీధి చివరి దర్జీ రాస్తున్నాడు.

నా కొడుకు ఆ తెల్లవారుజామున మూడో మలుపు దగ్గరి సొరంగంలోకి వెళ్లాడు. మూత పెట్టింది నేను. సైరన్ విని ఊరుకున్నది నేను. నా కోడలు ఇంట్లో పిల్లకి జడ వేస్తోంది, ఆమెకు ఏమీ తెలియదు. చోటు చూపిస్తాను. తవ్వండి.

సుత్తమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: దర్జీ. పక్కింటి నర్సు.