తొట్టితో ఘాట్ దిగిన రోజు

1998 డిసెంబరు, శనివారం రాత్రి

లంబసింగి ఘాట్‌లో పొగమంచు. ట్రాక్టర్ వెనక తగిలించిన తొట్టి నిండా సోమన్న తాత రాజ్‌మా బస్తాలు. దిగుడు మలుపులో ఆ బరువు నన్ను వెనక నుంచి నెట్టేసరికి భయపడి క్లచ్ తొక్కబోయాను.

పక్కనే కూర్చున్న తాత అరిచాడు. "తొక్కకు బాబూ! ఎద్దులు బండిని మెడతో ఆపవా ఏటి? గేరులో ఉంటే ఇంజనూ అంతే."

మొదటి గేరులోనే నెమ్మదిగా ఆపాను. తాత దిగి, దారి చూపుతూ ముందు నడిచాడు. మంచులో మసగ్గా కనిపిస్తున్న ఆయనకు కాస్త ఇవతలగా వెనకే నడిపాను.

కింద మంచు విడిపోయాక వెనక్కి, దిగొచ్చిన దారి చూసి నివ్వెరపోయాను. అంత దూరమూ ఆయన నడిచింది లోయ అంచునే!

"భయం లేదా తాతా?"

"అంచున నానుంటే నీ సక్రం అటు రాదు గదా."

అప్పుడు కిందికి చూశాను. ఆయన కాళ్లకు చెప్పులు కూడా లేవు.