బుగ్గయ్య చెయ్యి

ఏమండీ, అన్నం మూతపెట్టి ఉంచాను. తిని వెంటనే నారాయణగూడ ఆసుపత్రికి రండి. మన మేడ్చల్ పొలంలో పనిచేసే బుగ్గయ్య చెయ్యి చొప్ప నరికే మిషన్లో పడి రెండు వేళ్లు తెగిపోయాయి. వాళ్లావిడ రామమ్మ ఏడుస్తూ వచ్చింది, ఆమెతోనే వెళ్తున్నాను.

మొన్నటిదాకా ఇటుకలు మోసిన మనిషికి పావుగంట ఆ మిషన్ చూపించి, "నేర్చేసుకున్నాడు" అని మీరు వచ్చేశారు. పక్కన పని తెలిసినవాణ్ణి పెట్టమని ఎన్నిసార్లు చెప్పినా పేపర్లోంచి తలెత్తలేదు. ఆ మిషన్ ఉన్న మోటారు గది తాళంచెవి రామమ్మ నాకిచ్చింది. పనివాళ్లకి దగ్గరుండి నేర్పుతానని మీరు మాటిచ్చేదాకా ఇవ్వను.

అన్నపూర్ణ

ఇంకో మాట. బుగ్గయ్య రామమ్మతో ఇలా చెప్పి పంపాడట: "సారును ఏమనొద్దని అమ్మకు చెప్పు. సారు మంచిగనే చూపిచ్చిండు, నేనే జర పరేషానైన." అతని ముఖం చూసి ఏమంటారో దారిలో ఆలోచించుకోండి.