వినీల వాళ్ల పెద్ద బోటు

వాకాడు, ఆదివారం

అవ్వకు, ప్రత్యూష దండాలు. ఫోనులో నీకు మాట సరిగ్గా వినపడదని కార్డు రాస్తున్నాను. అందరం బాగున్నాము.

పడవ కొన్నాము. కొత్తదైతే చిన్న ఫైబరు పడవ వస్తుంది, అదే డబ్బుకు వాడిన పెద్ద ఇంజను బోటు వస్తుందని మా ఆయన ఎటూ తేల్చుకోలేకపోయాడు. ఆ పెద్ద బోటు కృష్ణపట్నంలో వినీల మొగుడిది. వినీల ఈయన మేనమామ కూతురు, మొదట ఈయనకు అనుకున్న పిల్ల. చూడడానికి ఇద్దరమూ వెళ్లాము. "బావకు చక్కెర తక్కువెయ్యాల" అంటూ ఆమె కాఫీ కలుపుతుంటే నాకు ఒళ్లు మండింది. బోటు ఎంత మంచిదైనా కొననివ్వకూడదని అక్కడే అనుకున్నాను. ఇంతలో ఆమే నన్ను వంటింట్లోకి పిలిచి, "మా బోటు వద్దక్కా. అడుగు పగిలితే మా ఆయన రంగేసి కప్పినాడు. నేను చెప్పినానని ఆయనకు తెలియనీబాక" అంది.

దారిలో ఈయనకు చెప్పాను. "వినీల మనసు అట్లాంటిదేలే" అన్నాడు. ప్రాణాపాయం తప్పినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ మాటకు నాకు అన్నం దిగలేదు. ఆమె కాస్త చెడ్డదైనా బాగుండేదవ్వా.

చిన్నదే కొన్నాము. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టిందా? బుధవారం ఈయన సామాన్లకు నాయుడుపేట వస్తాడు, ఒక జాడీ ఇచ్చి పంపండి. పడవకు ఇంకా పేరు రాయించలేదు. నా పేరు పెట్టమని నా నోటితో అడగలేను. నువ్వు చెబితే కాదనడు.

నీ దీవెన కోరే మనవరాలు,
ప్రత్యూష