మడికి ఇంగ్లీషు మాట

నల్లపాడు,
శనివారం.

చి. సౌ. రాగసుధకు అక్క ఆశీర్వదించి రాసేది.

ఇక్కడంతా క్షేమం. అంతా అంటే నేనొక్కదాన్నే కదా అని నవ్వకు. పుణెలో నువ్వూ, మరిదిగారూ, పిల్లలూ కులాసా అనే తలుస్తాను. ఫోనుండగా ఉత్తరమెందుకంటావేమో. ఫోన్లో "బాగున్నావా" అంటే "ఆఁ" అనేస్తాను, ఆ పైన మాట రాదు.

నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలినొప్పి ఫరవాలేదు. ఈ ఏడు పండుమిరపకాయలు ప్రత్తిపాడు నుంచి తెప్పించాను, మంచి ఎరుపు. పచ్చడి పెట్టాను, నీకో సీసా పంపుతున్నాను.

ఇక అసలు ప్రశ్న. అమ్మ పచ్చళ్ల మీద నువ్వు ఇంగ్లీషులో రాస్తున్న పుస్తకంలో మడికి 'ప్యూరిటీ' అని పెడితే, మీ ఎడిటరమ్మ 'క్లీన్‌లీనెస్' అని దిద్దిందట. ఇద్దరికీ ఓ దణ్ణం! శుభ్రతకైతే సబ్బు చాలు. అమ్మ తలారా స్నానం చేసి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసిన చీర కట్టుకున్నాక, మనం దగ్గరికెళ్తే ఏమనేది? "మడి! ముట్టుకోకు" అనేది. మనకు తెలిసిన అర్థం అదే. వంటా పూజా ముగిసేదాకా మనిషిని మనిషి ముట్టుకోకూడదు. మాట 'మడి' అనే ఉంచి, కింద ఈ సంగతి రాయి.

మీ బావగారు పోయినా నేను మడి మానలేదని మెచ్చుకున్నావు. మెచ్చుకోకే. ఆయన ఉన్నప్పుడు పండగలకే కట్టుకునేదాన్ని. ఇప్పుడు రోజూ కట్టుకుంటున్నాను. మడిలో ఉంటే, నన్నెవరూ ముట్టుకోకపోవడానికి ఒక కారణం ఉన్నట్టుంటుంది.

మొన్న మడిలోనే రోట్లో పచ్చడి నూరుతుంటే కారం ఎగిరి కళ్లలో పడింది. నా కేకకి పక్క వాటాలో ఉండే టీచరు క్రిస్టీనా పరిగెత్తుకొచ్చింది. నా తల తన పొట్టకి ఆనించుకుని, చెంబుతో నీళ్లు పోసి కళ్లు కడిగింది. అంతలో గుర్తొచ్చి చటుక్కున చేతులు తీసేసింది.

"అయ్యో, మడిలో ఉన్నారు కదండీ! చూసుకోలేదండీ, ఏమనుకోకండి!"

ఆవిడ బెదిరిపోయిన తీరుకి నాకు సిగ్గేసింది. "మడీ లేదు, గిడీ లేదు. వదలకమ్మా, ఇంకా మండుతోంది" అన్నాను.

సుధా, నీకొక్కదానికే చెబుతున్నాను. అప్పటికే మంట తగ్గిపోయింది. ఆవిడ నా తల నిమురుతుంటే తగ్గిందని చెప్పబుద్ధి కాలేదు. బిందెలో నీళ్లన్నీ అయిపోయినా ఏడుస్తూనే ఉన్నాను. పాపం, కారానికే అనుకుంది.

నీకు పంపుతున్నది ఆ పచ్చడే. ఆ తర్వాత ఇద్దరం కలిసి నూరాం. కాబట్టి మడి పచ్చడి కాదు, ఉప్పు మాత్రం సరిపోయింది.

వేసవికి వస్తానన్నావు. అలవాటుకొద్దీ గుమ్మంలో ఆగి "మడా అక్కా?" అని అడగకు. నేను దేవుడి ముందు కూర్చుని ఉన్నా సరే, కాళ్లయినా కడుక్కోకుండా వచ్చి నన్ను పట్టుకో.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అక్క,
బాలత్రిపురసుందరి